ఊరికే కూకున్నాను

"ఏం చేస్తున్నావు వదినా?"

"ఏటీ లేదమ్మా. ఊరికే కూకున్నాను."

ఫోన్ పెట్టేసి హైమవతి మళ్ళీ గోడకేసి చూసింది. దీపం అలాగే భగభగ మండుతోంది. యంత్రం తప్పు చూపిస్తోందేమోనని అనుమానపడి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు అది. చేతిలో టీ ఒలికి చీర మీద పడినా ఆమె చూసుకోలేదు. పక్కన నిలబడ్డ రెహానా కూడా చూడలేదు. విశాఖపట్నంలో ఆ ప్రయోగశాలలో ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

గోడ మీద మండుతున్న ఆ దీపం అనకాపల్లిలో ఇంటి అరుగు మీద కూర్చున్న అప్పలనరసమ్మది. హైమవతి భర్తకి అక్కగారు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆ వేళప్పుడు మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి, అంట్లు తోమడం అయిపోయింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరబడి ఉంది. ఎవరు చూసినా, పాపం కాస్త నడుం వాల్చింది అనుకుంటారు తప్ప పని చేస్తోంది అనుకోరు.

హైమవతి చదువంతా ఈ పని గురించే. ఇంట్లో ఎవరు ఎంత చేస్తున్నారు, దానికి విలువ ఎవరు కడుతున్నారు, ప్రభుత్వం ఏ దన్ను ఇస్తే ఆడవాళ్ళు బయటికి వచ్చి పని చేసుకోగలరు, ఇదీ ఆమె పరిశోధన. ఊళ్ళు పట్టుకు తిరిగి అడిగించేది. పొద్దున ఏం చేశావమ్మా, మధ్యాహ్నం ఏం చేశావమ్మా అని. ఎక్కడికి వెళ్ళినా ఒక మాట అడ్డం పడేది. "మధ్యాహ్నమా? ఊరికే కూర్చున్నానండీ." ఈ చదువు చదివినవాళ్ళందరూ ఆ మాట దగ్గర కళ్ళు మూసుకుని 'విశ్రాంతి' అని రాసుకుంటారు. ఎక్కడైనా ఇదే పద్ధతి. ఊరికే అంటే పని లేకుండా అని ఒక అర్థం, డబ్బు పుచ్చుకోకుండా అని ఇంకో అర్థం. తెలుగులో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ రెండోది స్ఫురించకపోవడం చోద్యమే మరి.

యంత్రం రెహానాది. ఆమె నిద్ర మీద పరిశోధన చేసే మనిషి. ఒక బాలింతని ప్రయోగశాలలో పడుకోబెట్టి, బిడ్డని పక్క గదిలో ఉంచితే, తల్లి ఒళ్ళెరగని నిద్రలో ఉన్నా మెదడులో ఒక మూల మేలుకునే ఉంది. బిడ్డ ఊపిరి లయ మారితే ఆ మూలన అల మారింది. మధ్యన గోడ ఉంది, చప్పుడు లేదు. ఎలా తెలుస్తోందో రెహానాకి ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. పట్టుకోవడం మాత్రం నేర్చింది. పెసరగింజంత బిళ్ళ చెవి వెనక అంటిస్తే చాలు, ఆ మనిషి మనసు ఎవరిని పట్టుకుని ఉందో గోడ మీద కనిపిస్తుంది. మనిషికొక దీపం. దీపం నుంచి, ఎవరిని పట్టుకుని ఉందో వాళ్ళ దాకా ఒక వెలుగు గీత. పట్టు గట్టిదైతే గీత లావు. దీనికి పేరేం పెడదామని తర్జనభర్జన పడుతుంటే హైమవతి నవ్వేసింది. "పేరు మనవాళ్ళు ఎప్పుడో పెట్టుకున్నారు రెహానా. ధ్యాస."

ఇప్పుడు గోడ మీద నరసమ్మ దీపం నుంచి లావుపాటి గీత ఒకటి వీధి చివరికి పోతోంది. అక్కడ తోడిల్లు ఉంది. ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ పగటిపూట చూసుకోవడానికి ప్రభుత్వం ప్రయోగంగా తెరిచిన ఇల్లు. నరసమ్మ తల్లి గౌరమ్మ గారు మధ్యాహ్నాలు అక్కడే ఉంటుంది. ఆవిడకి మతిమరుపు. గేటు తెరిచి ఉంటే చాలు, ఎటో వెళ్ళిపోతుంది. ఇంకో గీత ఫ్యాక్టరీలో ఉన్న తమ్ముడికి. ఇంకొకటి అనకాపల్లి పొలిమేర దాటి, రైలు పట్టాల పక్కనే సాగి, విశాఖపట్నం చేరి, ఈ గదిలోకే వచ్చింది. వచ్చి హైమవతి దీపం దగ్గర ఆగింది.

"మేడమ్, అది మీకే," అంది రెహానా.

పొద్దున తను టిఫిన్ తినకుండా రైలెక్కిన సంగతి హైమవతికి అప్పుడు గుర్తొచ్చింది.

*

ఆదివారం ఇంట్లోనే, గోడకి బదులు చేతిలో పట్టే చిన్న తెర పలక మీద గీతలు చూద్దామని రెహానా అనకాపల్లి వచ్చింది. హైమవతి భర్త సన్యాసిరావు మంచివాడే. అక్క అంటే ప్రాణం, ఆ సంగతి అందరికీ చెబుతాడు కూడా. బిళ్ళ అంటించుకుని, ఇవాళ వంటింటి పని నాది అని లుంగీ ఎగ్గట్టాడు.

"అక్కా, నువ్వు కదలకు. ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తాను."

"వంకాయలు కొయ్యరా."

"ఎలా కొయ్యాలి? గుత్తులుగానా, ముక్కలుగానా? కత్తిపీట ఎక్కడుంది? ఉప్పునీళ్ళలో వెయ్యాలా? ఎంత ఉప్పు?"

అతను కోస్తూనే ఉన్నాడు. నరసమ్మ కుర్చీలోంచి లేవలేదు. పలక మీద ఆవిడ గీత మాత్రం అతను ప్రశ్న వేసినప్పుడల్లా లావవుతోంది. రెహానా నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమైందండీ?" అన్నాడు సన్యాసిరావు అమాయకంగా.

"మీరు పని తీసుకున్నారు సార్. ధ్యాస తీసుకోలేదు. అది అక్కగారి దగ్గరే ఉండిపోయింది. మీ మీద పెట్టాల్సిన ధ్యాస కూడా కలిసింది దానికి."

అప్పుడే నరసమ్మ ఫోన్ మోగింది. తోడింటి నుంచి ఆయా. ఈ వారం కొత్తగా వచ్చింది. "అమ్మా, పెద్దావిడ అన్నం ముట్టడం లేదు, ఏం చెయ్యమంటారు?" నరసమ్మ తాపీగా చెప్పింది. పెరుగు ముందు పెట్టాల, కంచం ఎడమ పక్కకి జరపాల, కుళాయి శబ్దం వినపడకుండా సూడాల. గీత ఇంకా లావైంది. సన్యాసిరావు కత్తిపీట మీద కూర్చుని ఆ పలకా, అక్క మొహమూ మార్చి మార్చి చూశాడు.

*

తోడిళ్ళు ఉంచాలా మూసెయ్యాలా తేల్చడానికి ప్రభుత్వ కార్యదర్శి కూర్మనాథం గారు వస్తున్నాడని కబురొచ్చింది. మూసెయ్యడానికే మొగ్గుగా ఉన్నాడని కూడా తెలిసింది. సర్వేల్లో ఆడవాళ్ళకి బోలెడంత విశ్రాంతి కనిపిస్తోంది కదా, ఇక ఈ ఇళ్ళెందుకు అని ఆయన వాదన. హైమవతి పట్టుదలగా తమ పేట గవరపాలెమంతా తిరిగి ఇంటింటికీ బిళ్ళలు పంచింది. సరదా కొద్దీ చుట్టుపక్కల పేటలవాళ్ళు కూడా అడిగి తీసుకున్నారు. కార్యదర్శి వచ్చే రోజు నరసమ్మని కూడా విశాఖపట్నం తీసుకొచ్చింది. ఎన్నాళ్ళుగానో ఇల్లు కదలని మనిషి, సముద్రం చూపించినట్టూ ఉంటుందని.

భోజనాలయ్యాక, ఊరంతా కునుకు తీసే వేళకి, రెహానా హాలు గోడ నిండా ఊరిని వెలిగించింది.

ముందు దీపాలు వచ్చాయి. ఒకటి, రెండు, పది, తర్వాత లెక్కకి అందలేదు. ఇళ్ళలో, అరుగుల మీద, మంచాల మీద, మెట్ల మీద. అన్నీ 'ఊరికే కూర్చున్న' దీపాలే. ఆ వెనక గీతలు కదిలాయి. ఒక పెరటిలోంచి బడికి, ఒక వంటింట్లోంచి ఆసుపత్రి మంచానికి, ఒక నులకమంచం మీంచి ఫ్యాక్టరీ కొలిమి దగ్గరికి, ఒక కుట్టుమిషను దగ్గర్నుంచి బస్సులో పోతున్న పిల్ల దాకా. బస్సు కదులుతుంటే గీత కూడా కదులుతోంది, తెగడం లేదు. బ్యాంకులో కూర్చున్న గుమాస్తాకొక గీత, లారీ తోలేవాడికొక గీత, పరీక్ష రాస్తున్నవాడికొక గీత. పని చేస్తున్న ప్రతి మనిషినీ ఎక్కడో పని లేనట్టు కూర్చున్న మనిషొకరు పట్టుకుని ఉన్నారు. కొందరు మగవాళ్ళ దీపాల నుంచీ గీతలున్నాయి. ఉన్నాయిగాని వెతుక్కోవాలి. ఊరంతా అలా నేసి ఉంది. ఇన్నాళ్ళూ ఆ నేత మీదే అందరూ నడిచారు, బళ్ళు తోలారు, అంగళ్ళు తెరిచారు.

కూర్మనాథం గారు కుర్చీలోంచి లేచి, గోడ దగ్గరికి నడిచి, ఒక గీత మీద వేలు పెట్టబోయి మానేశాడు. గుడిలో గర్భగుడి ముందు నిలబడ్డట్టు చేతులు ముందుకు కట్టుకున్నాడు. హైమవతికి కళ్ళు చెమర్చాయి. ఇంతకాలం అంకెల్లో వెతికింది ఇదే. ఇంత అందంగా ఉంటుందని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఇదంతా ఎవరు చేయిస్తున్నారండీ?" అన్నాడాయన చివరికి, గొంతు తగ్గించి.

"ఎవరూ చేయించడం లేదు సార్. చేస్తున్నారు."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన చెడ్డమనిషి కాదుగాని, తను కార్యదర్శినన్న సంగతి గుర్తుకొచ్చింది. "హైమవతి గారూ, మీరు చూపించింది మహాద్భుతం. కాదనను. కానీ ఇంత గొప్ప పని ఊరికే జరిగిపోతుంటే ప్రభుత్వం మధ్యలో ఎందుకు? పైగా ఇదిగో," అని నరసమ్మ దీపం చూపించాడు. అది ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది. దాని నుంచి బయల్దేరిన గీత అనకాపల్లి తోడింటి దాకా పోతోంది. "తల్లి మన తోడింట్లోనే ఉంది. ఆయాలున్నారు. అయినా ఈవిడ దీపం ఆరలేదు. మరి ఆ ఇల్లు చేసిందేమిటి? ఒక్క దీపం, ఒక్కటి, వేరేవాళ్ళు అందుకోవడం వల్ల ఆరిందని చూపించండి. ఒక్క ఇల్లూ మూయను. నెల గడువు తీసుకోండి."

ఇంతలో నరసమ్మ లేచింది. ఆవిడ అప్పటిదాకా గోడకేసే చూస్తూ, గీతల వెంట వేలు గాల్లో పోనిస్తూ కూర్చుంది. చిన్నపిల్ల ముగ్గు చూసినట్టు చూసింది.

"హైమా," అంది మెల్లిగా. "నాకాడి నుంచి ఇన్ని పోతన్నాయి కదా. నా కాడికి ఒక్కటీ రాలేదేటమ్మా?"

అందరూ గోడకేసి చూశారు. నిజమే. తమ్ముడి దీపం నుంచి గీత పనిమీదికి పోతోంది. హైమవతి దీపం నుంచి గీత కార్యదర్శి వైపు, రెహానా వైపు, ఊరు మొత్తం వైపు పోతోంది. నరసమ్మ వైపు ఏమీ లేదు. నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషి వైపు లేదు.

హైమవతికి తల కొట్టేసినట్టయింది. నరసమ్మే చెవి వెనక తడుముకుని బిళ్ళ ఊడదీసి బల్ల మీద పెట్టింది. "రైలుకి వేళవుతాది, పద. అమ్మ నన్ను ఎతుక్కుంటాది," అంది. సముద్రం చూడనే లేదు.

*

నరసమ్మ అలగలేదు. అలిగితే బతిమాలుకోవచ్చు. ఎప్పట్లాగే లేచింది, వండింది, తల్లికి తల దువ్వింది. అదే హైమవతికి గుండెల్లో ముల్లయింది. ఎవరి గురించైతే జీవితమంతా రాసిందో ఆ మనిషి తన ఇంట్లోనే ఉంది. తను చూడలేదు.

ఆఫీసులో కళ్ళు మూసుకుని వదిన గురించి ఆలోచించడానికి కూర్చుంది. రెహానా గోడ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది తప్పు చేశానన్న బాధ మేడమ్. ఇది మీ చుట్టూనే తిరుగుతుంది. గీత కాదు."

హైమవతి సెలవు పెట్టేసింది. ఇక పొద్దుటి నుంచి అత్తగారి బాధ్యత నాది అంది. తోడింటికి వెళ్ళి, అవసరమొస్తే చేసే ఫోన్ నంబరు మార్పించింది. అక్కడి రిజిస్టరులో ప్రతి ముసలావిడ పేరుకీ, ప్రతి పసివాడి పేరుకీ ఎదురుగా ఉన్న నంబరు ఎవరో ఒక ఆడమనిషిదే. ఉద్యోగానికి వెళ్ళినా, ఒంట్లో బాగోకపోయినా ఆవిడదే. "ఇక మా వదినకి చెయ్యొద్దు. నాకు చెయ్యండి. నేను ఎత్తకపోతే మా ఆయనకి. ఇంకోమాట, మా అత్తగారికి ఈ నెలంతా ఒకే ఆయా ఉండాలి." పైడితల్లి అనే ఆయా నేనుంటానంది.

అయితే మాత్రం? మాట అనేసినంత తేలికా? ఒకనాడు పొద్దున, నరసమ్మ ఇంట్లో లేనప్పుడు, హైమవతి గిన్నె పొయ్యి మీద పెట్టి, ఏదో ఆలోచన వచ్చి రెండు మాటలు రాసుకుందామని కూర్చుంది. తలెత్తేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. గౌరమ్మ గారు లేదు.

ఆమె చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఈ సందు, ఆ సందు, కాలవ గట్టు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగింది. లారీ హారన్ వినపడ్డప్పుడల్లా ప్రాణం పోయి వచ్చింది. సన్యాసిరావు డ్యూటీ వదిలేసి వచ్చి ఇంకో వైపు వెతికాడు. చివరికి బెల్లం మార్కెట్లో కనిపించింది. బెల్లం దిమ్మల మధ్య దర్జాగా కూర్చుని, చిన్న ముక్క చప్పరిస్తోంది. కూలీలు చుట్టూ చేరి మర్యాదగా పలకరిస్తున్నారు.

"నాన్న బండి కట్టుకొస్తాడు. అందాకా ఇక్కడే ఉండమన్నాడు," అంది గౌరమ్మ గారు, కోడలిని ఎవరో అనుకుని.

హైమవతి ఆ దిమ్మల పక్కనే కూలబడి భోరుమంది. సన్యాసిరావు తల్లి పాదాల దగ్గర కూర్చుని ఆవిడ కాళ్ళకంటిన దుమ్ము తుడుస్తూ, "ఇన్నేళ్ళూ అక్క ఎలా కాసిందే?" అన్నాడు. అడిగిన తీరు మాత్రం ఆమెని అడిగినట్టు లేదు.

ఆ రోజు నుంచి ఆ గేటు హైమవతిలోకి వచ్చి కూర్చుంది. స్నానం చేస్తున్నా, పుస్తకం చదువుతున్నా గడియ చప్పుడు చెవిలో తప్పక వినపడుతుంది. వాక్యం మొదలుపెడితే సగంలో పెరుగు గుర్తొస్తుంది. రాయాల్సిన వ్యాసం అలాగే ఉండిపోయింది. అసలు వదినకి తన ఆలోచనంటూ ఒకటైనా పూర్తయి ఉంటుందా అనిపించింది. అనిపించాక వదినకేసి చూసింది. కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టి పెట్టుకుంది. ఎప్పటి నుంచో! ఎడమ మోకాలు పట్టుకుని మెట్టు దిగుతోంది. కాఫీలో చక్కెర వేసుకోవడం మానేసింది, డాక్టరు చెప్పాడా, లేక చక్కెర అందరికీ సరిపోదనా? ఎవరూ చెప్పకుండానే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కనిపించసాగాయి.

నెల చివర కార్యదర్శి వచ్చే నాటి పొద్దున నరసమ్మే చెయ్యి చాపింది. "ఆ బిళ్ళ ఇలా ఇయ్యమ్మా. పెట్టుకుంటాను. నీ మీటింగు పాడవకూడదు కదా."

"నా మీటింగు సంగతి నువ్వు చూడకు వదినా," అంది హైమవతి. బిళ్ళ తనే వదిన చెవి వెనక అంటించింది.

*

హాలు గోడ మీద మళ్ళీ ఊరు వెలిగింది. కూర్మనాథం గారు ఈసారి కూడా లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యం పాతబడేది కాదు.

"సరే, చెప్పండి హైమవతి గారూ. ఆ రోజు అడిగాను కదా."

హైమవతి వినలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె ఉలిక్కిపడి, "ఏమన్నారు సార్?" అంది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. తోడింటి నుంచి. రెహానా కంగారుగా సైగ చేసింది, ఎత్తొద్దని. ఆమె ఎత్తింది.

"చెప్పు పైడితల్లీ... తింటం లేదా? కంచం ఎడమ పక్కకి జరిపావా?... అలాగా, పాట పాడితే తిందా? ఏం పాట?... నువ్వే కనిపెట్టావా! ఇక అలాగే చెయ్యి తల్లీ. సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళ్తారు, మందు సంగతి ఆయనకి తెలుసు."

ఫోన్ పెట్టేసేసరికి హాల్లో అందరూ గోడకేసి చూస్తున్నారు. హైమవతి దీపం భగభగ మండుతోంది. దాని నుంచి లావుపాటి గీత అనకాపల్లికి పోతోంది. పైడితల్లి దీపం నుంచి గౌరమ్మ గారికి ఒక గీత. ఫ్యాక్టరీ వైపు నుంచి ఒక గీత, సన్నగా, వణుకుతూ, ఇంటి అరుగు దాకా వచ్చి ఆగింది. హైమవతి గీతలో పాయ ఒకటి చీలి అదే అరుగు దగ్గర ఆగింది.

ఆ అరుగు మీద దీపం సన్నగిల్లింది. ఇంకాస్త సన్నగిల్లింది. అన్ని వేల వెలుగుల మధ్య చుక్కంత చీకటి మిగిలింది. రెండు గీతలు దాన్ని అపురూపంగా పట్టుకుని ఉన్నాయి.

"అదేమిటి? ఆరిపోయింది!" కూర్మనాథం గారు కంగారు పడ్డాడు. "ఆవిడకేమైనా అయిందా? యంత్రం పాడైందా?"

రెహానా గబగబా మీటలు నొక్కి చూసింది. "యంత్రం బాగానే ఉంది సార్. ఆవిడ గుండె కూడా చక్కగా కొట్టుకుంటోంది. ఇలాంటిది... నేనెప్పుడూ చూడలేదు."

హైమవతి వదినకి ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది. చాలాసేపు మోగింది. ఎప్పుడూ మొదటి గంటకే ఎత్తే మనిషి, ఇవాళ ఎత్తడానికి తొందర పడలేదు.

"ఎవలు?"

"నేనే వదినా. హైమని. ఏం చేస్తున్నావు?"

అరుగు మీద పిచ్చుకలు కొట్టుకుంటున్న చప్పుడు వినపడింది. తర్వాత నరసమ్మ గొంతు వచ్చింది. కాస్త నిద్రమత్తుగా, కాస్త ఆశ్చర్యంగా, తనలో తనే ఏదో కనుక్కున్నట్టుగా.

"ఏటీ లేదమ్మా," అంది ఆవిడ. "ఊరికే కూకున్నాను."